కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి

మా కాలేజీలో ఈ ఏడాది గుర్తింపు కార్డులు మార్చారు. పాత కార్డులో ఉన్న నా ముఖం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు; కార్డు పాతబడిందట, అంతే. ఆదోనిలో ఒక స్టుడియోకి వెళ్లి ఫోటో దిగాను. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి నన్ను ఒక్క మాట అడక్కుండా, రెండు నిమిషాల్లో తెల్లగా చేసేసింది. యాభై ఏళ్లు ఈ ఎండల్లో తిరిగి సంపాదించుకున్న రంగు, రెండు నొక్కులకు పోయింది. ఇదేమిటమ్మా అంటే, "అందరికీ సేస్తాం సార్" అంది. అందరికీ చేసేది నాకు చేయకపోతే బాగుండదని కాబోలు. మర్నాడు కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆ కార్డునూ నన్నూ మార్చి మార్చి చూసి, "మీ తమ్మునిదా సార్?" అని అడిగాడు. పద్దెనిమిదేళ్లుగా రోజూ నాకు గేటు తీస్తున్న మనిషి. నాకు తమ్ముడు లేడని ఆయనకు తెలుసు.

ఆ కార్డు మెడలో వేసుకుని తిరుగుతున్నప్పటి నుంచి ఒకాయన గుర్తొస్తున్నాడు. ఎమ్మిగనూరులో స్టుడియో పెట్టుకుని ముప్పై ఏళ్లకు పైగా ఫోటోలు తీసిన మనిషి. పోయిన ఏడాది పోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు అడక్కుండా ఎవరి ఫోటోనూ తియ్యని మనిషి గురించి పేరు లేకుండా రాయడమేమిటని మీరు అడగొచ్చు. ఉండుంటే ఆయనే ముందు అడిగేవాడు. కారణం చిన్నదే. ఆయన పేరు రాస్తే, నేను చెప్పబోయే ఊరు ఏదో తెలిసిపోతుంది. ఆ ఊరి పేరు తెలిస్తే పక్క ఊళ్లవాళ్లందరూ, తమ దగ్గర అలాంటిదేమీ ఎప్పుడూ లేనట్టు మొహాలు పెడతారు. ఆ సౌకర్యం వాళ్లకు కల్పించడం నాకిష్టం లేదు.

ఆయన స్టుడియోలోనూ కంప్యూటర్ ఉండేది. ముఖాలు తెల్లబరిచే బొత్తాం ఎక్కడుందో ఆయనకు తెలుసు, నొక్కడు. ఒకసారి మగ్గాల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి కోడలి పెళ్లి ఆల్బం తెచ్చి బల్ల మీద పెట్టి, "పిల్ల నల్లగా పడింది, సరిసెయ్యప్పా" అన్నాడు. ఈయన ఆల్బం మొత్తం నెమ్మదిగా తిరగేశాడు.

"పెండ్లికూతుర్ని మార్చల్లంటే పెండ్లికి ముందే సూసుకోవల్లప్పా. నేను వచ్చేతలికి తాళి కట్టేసినారు."

ఆ పెద్దమనిషి ఆల్బం అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. నాలుగు రోజుల తర్వాత దాన్ని తీసుకుపోవడానికి ఆ పెళ్లికూతురే వచ్చింది. ఒక్కో ఫోటోనూ చూసుకుని, "అన్నీ నా మాదిరే ఉండాయి" అని సంచిలో పెట్టుకుని పోయింది. తన జీవితంలో వచ్చిన ఏకైక అవార్డు అదేనని ఆయన చెప్పుకునేవాడు. వేరేవి ఏమీ రాలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

కెమెరా చేతికి తీసుకునే ముందు ఆయన గీతల నోటుపుస్తకం తీసేవాడు. "పేరు సెప్పు." మంత్రి అయినా, మిర్చి బజ్జీలు వేసేవాడైనా అదే వరస. పేరు, తండ్రి పేరు లేదా తల్లి పేరు, ఊరు. రాసుకున్న తర్వాతే ఒక కన్ను మూసి కెమెరాలోకి చూసేవాడు. ఆయనకు ఒక ఇనుప మడత కుర్చీ ఉండేది. పల్లెలకు పోయేటప్పుడు దాన్ని వెంట తీసుకుపోయేవాడు. ఎవరి ఫోటో తీసినా అందులో కూర్చోబెట్టి తీసేవాడు. మా పక్క కూలి జనం కెమెరాను చూడగానే చేతులు కట్టుకుని, నడుము కాస్త వంచి నిలబడతారు. వాళ్ల దగ్గరికి కెమెరా ఎప్పుడొచ్చినా ఏదో ఒక అధికారి వెనకే వస్తుంది మరి. అప్పుడు ఆయన ఒకటే అనేవాడు.

"కదిలినా పర్వాలేదు. వంగొద్దు."

ఎందుకింత పట్టింపు అని అడిగితే మాటల్లో చెప్పేవాడు కాదు. స్టుడియో గోడ మీద ఉన్న ఒక పాత నలుపు తెలుపు ఫోటో చూపించేవాడు. ఆయన అయిదో తరగతి గ్రూపు ఫోటో. అయ్యవార్లు కుర్చీల్లో, పిల్లలు మూడు వరసల్లో. కుడివైపు చివర, ఫ్రేము అంచున, ఒక సగం భుజం, ఒక చెవి ఉన్నాయి. ఆ చెవి ఈయనది. ఎస్సీ కాలనీ పిల్లలు నలుగుర్ని చివర్లో, కాస్త ఎడంగా నిలబెట్టారు. ఫోటో తీసినాయన మిగతావాళ్లందరూ సరిగ్గా పడ్డారో లేదో చూసుకుని నొక్కేశాడు. కింద పేర్లు వరసగా ఉన్నాయి, చివర "తదితరులు" అని ఉంది.

"నేను తదితరుల్లో ఉండానప్పా" అనేవాడు, ఏదో గ్రామం పేరు చెప్పినట్టు.

కొన్నాళ్లు పేపర్లకు ఫోటోలు పంపేవాడు. నాయకుడు రిబ్బను కత్తిరించే ఫోటోకి పక్కనున్న పన్నెండు మంది పేర్లూ వేసేవారు, కత్తెర పెట్టిన పళ్లెం మోసినాయన పేరుతో సహా. ఈయన పంపిన ఫోటోల కింద మాత్రం "సుగ్గికి వెళుతున్న కూలీలు" అని పడేది. సుగ్గి అంటే మా పక్క తెలియనివారు లేరు. మా మెట్ట పొలాల్లో పని అయిపోయాక, ఇంటికి తాళం వేసి, పిల్లల్ని కోళ్లని వెంటబెట్టుకుని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోవడం. ఒకసారి అట్లాంటి ఫోటోలో పదకొండు మంది ఉన్నారు; "పదకొండు పేర్లూ రాసి పంపినా, ఏమయినాయి?" అని ఈయన పేపరువాళ్లకు ఫోన్ చేశాడు. జాగా లేదన్నారు. వారానికోసారి చొప్పున రెండు నెలలు ఫోన్ చేశాడు. చివరికి పదకొండు పేర్లూ వేశారు. జాగా కోసం ఫోటోను తపాలా బిళ్లంత చేశారు. ఆయన దాన్ని భూతద్దంతో చూసి, "సరే, పేర్లన్నా కనపడతాండాయి" అని, ఆ తర్వాత పేపర్లకు పంపడం మానేశాడు.

నేను ఆయన వెంట తిరగడం మొదలుపెట్టింది నా గొప్పతనం వల్ల కాదు, నా చేతిరాత వల్ల. కామర్స్ చదివినవాడి చేతిరాత బాగుండకూడదని నియమం లేదు. ఫోటోల అట్టల మీద నల్ల సిరాతో పేర్లు రాయడానికి ఆయనకు మనిషి కావాలి. "నీ మాటలు ఎట్లున్నా అక్షరాలు బాగుండాయి" అన్నాడు. అట్లా ఆదివారాలు ఆయన స్కూటర్ వెనక, ఒళ్లో ఇనుప కుర్చీతో, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని నేను ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య ఉన్న పల్లెలు చాలా చూశాను. చాలా ఊళ్లలో నన్ను కుర్చీలు అమ్మేవాడనుకున్నారు. ఒకచోట బేరం కూడా చేశారు.

ఏటా సుగ్గికి బండ్లు కదిలే రోజుల్లో ఆయన ఊరూరూ తిరిగి, పోయేవాళ్లను ఒక్కొక్కర్నీ కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీసేవాడు. తిరిగొచ్చాక ఇంకోటి తీసేవాడు. రెండూ పక్కపక్కన అట్ట మీద అతికించి వాళ్లకే ఇచ్చేవాడు. "పోయినోళ్లే వచ్చినారో లేదో సూసుకోవల్ల గద" అనేవాడు. పోయినప్పుడు ఉన్న మనిషి, వచ్చినప్పుడు ఉన్న మనిషి ఒకేలా ఉండరని, దాన్ని వాళ్ల ఇంట్లోవాళ్లే చూడాలని ఆయన ఉద్దేశం. ఈ మాట ఆయన అనలేదు, నేనే అంటున్నాను. ఆయన ఇంత పొడుగు మాట్లాడేవాడు కాదు.

అట్లా పోయిన ఒక ఊళ్లో సుంకమ్మ కుర్చీలో కూర్చోనంది. యాభై ఏళ్లు దాటిన మనిషి. బండి కదలడానికి ఇంకా టైముంది, మూటలు ఎక్కించేశారు. కుర్చీ వేసింది రోడ్డు పక్కన. రోడ్డుకు అవతల ఉరుకుందప్ప హోటలు. రేకుల కప్పు, ముందు ఒక పొడుగు బల్ల, బల్ల మీద ఊరి రైతులు టీలు తాగుతున్నారు.

"వాళ్లు సూస్తాండారు" అంది సుంకమ్మ.

"నేనూ సూస్తాండా. కూసో."

కూర్చుంది. ఆయన పేరు రాసుకుని, కెమెరా సర్దుకునే లోపల ఆమె కళ్లు ఆ బల్ల మీదే ఉన్నాయి. నవ్వింది.

"గుంటూరు కాడ కూడా ఇట్లాంటి హోటలే ఒగటుందప్పా. పొద్దున్నే పోయి బల్ల మీద కూసుంటా. గాజు గ్లాసులో టీ ఇస్తాడు. నేనెవురో వానికి తెల్దు గద. ఈడికొచ్చినాంక నిలబడి పేపరు కప్పులో తాగల్ల. కాళ్లు అవ్వే, టీ అదే."

ఆ హోటలు సంగతి కాస్త చెప్పాలి. వెనక ఉరుకుందప్ప నాయన కాలంలో, కాలనీవాళ్ల గ్లాసులు వేరే ఉండేవి, చూరులో గుచ్చి ఉండేవి. తాగినవాళ్లే కడిగి మళ్లీ గుచ్చాలి. తర్వాత కరోనా రోజుల్లో అందరూ శుభ్రం గురించి మాట్లాడటం మొదలుపెట్టాక, ఉరుకుందప్ప చూరు గ్లాసులు తీసేసి పేపరు కప్పులు తెచ్చాడు. బల్ల మీద కూర్చునేవాళ్లకు ఎప్పటిలాగే గాజు గ్లాసులు. బయట నిలబడేవాళ్లకు పేపరు కప్పులు. అన్యాయం కదా అంటే ఆయనకు నిజంగా అర్థమయ్యేది కాదు. "వాళ్లకు ఎవురూ ముట్టని కొత్త కప్పు. వీళ్లకు పదిమంది తాగి కడిగిన గ్లాసు. మర్యాద ఎవురికి ఎక్కువ సారూ?" అని నన్నే ఎదురడిగాడు ఒకసారి. నేను డిగ్రీ పిల్లలకు పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. అయినా ఇంటికొచ్చి ఆ లెక్క మళ్లీ మళ్లీ వేసి చూసుకోవాల్సి వచ్చింది.

ఫోటో తీశాక ఆయన సుంకమ్మను అడిగాడు. "నీకేం కావల్ల మల్ల?"

"ఏముందప్పా. సచ్చేలోపల ఈ ఊర్లో ఒక తూరి ఆ బల్ల మీద కూసోని, వాళ్లు తాగే గ్లాసులో టీ తాగల్ల. టీ బాగుంటాదని కాదు. ఉరుకుందప్ప టీ దేంట్లో తాగినా అంతే."

"ఇప్పుడే పోయి కూసో. నేను వస్తా."

"నువ్వు ఫోటో తీస్కోని ఎమ్మిగనూరికి పోతావు. నేను తిరిగొచ్చినాంక ఆ నరసప్ప సేనికే కలుపుకు పోవల్ల." బల్ల మీద ఎడమ చివర కూర్చున్న పెద్ద రైతును గడ్డంతో చూపించి, బండెక్కేసింది.

ఆయన ఆ రోజు నోటుపుస్తకంలో సుంకమ్మ పేరు కింద ఇంకో లైను రాసుకున్నాడు. 'బల్ల. గ్లాసు.' అంతే.

మొదట చట్టం ప్రకారం పోయాడు. ఒక అర్జీ రాయించాడు, రాసింది నేనే. కొన్ని నెలలకు ఒక అధికారి ఆ ఊరికి వచ్చాడు. వస్తాడని ఊరికి ముందురోజే తెలుసు. ఆ పొద్దున హోటల్లో ప్రతి మనిషి చేతిలో గాజు గ్లాసు. బల్ల మీద కాలనీవాళ్లు ముగ్గురు, రైతులు ముగ్గురు, కలిపి నేసిన గుడ్డలాగా కూర్చున్నారు. ఉరుకుందప్ప హోటల్లో ఆ గంటసేపు ఉన్నంత సమానత్వం జిల్లాలో ఇంకెక్కడా ఉండి ఉండదు. అధికారి కూడా బొరుగుల ఉగ్గాని తిని, టీ తాగి, బాగుందన్నాడు. జీపు మలుపు తిరిగే సరికి గ్లాసులు లోపలికి పోయాయి. సుంకమ్మకు ఆ ఒక్క పూట గ్లాసు కూడా దక్కలేదు. "నాకు ఆ పొద్దు కలుపుండె" అంది.

అయితే ఆ రాకకు ఎవరూ ఊహించని ఫలితం ఒకటి వచ్చింది. ఉరుకుందప్ప దృష్టిలో జరిగింది తనిఖీ కాదు, ప్రశంస. ఇంత పెద్దమనిషి తన ఉగ్గాని బాగుందన్నాడు. హోటలుకు పాతికేళ్లు కూడా నిండుతున్నాయి. కౌంటరు వెనక గోడకు హోటలు ఫోటో ఒకటి, పెద్దది, ఫ్రేము కట్టించి పెట్టుకోవాలని ఆయనకు కోరిక పుట్టింది. ఎమ్మిగనూరుకు వచ్చి, ఏ స్టుడియో మంచిదని విచారించి, అర్జీ వెనక ఎవరున్నారో తెలియక, నేరుగా ఈయన దగ్గరికే వచ్చాడు.

ఆ ఆదివారం పొద్దున మేము వెళ్లేసరికి ఉరుకుందప్ప కొత్త చొక్కా వేసుకుని, విభూతి పెట్టుకుని, గాజు గ్లాసులన్నీ తళతళలాడేట్టు తోమించి ఉంచాడు. బల్ల మీద ఏడుగురు. ఎడమ చివర నరసప్ప. బల్లకు అవతల, చూరు కింద ఆరుగురు కాలనీవాళ్లు పేపరు కప్పులు పట్టుకుని నిలబడ్డారు. సుంకమ్మ అందరికంటే చివర ఉంది.

"మీరు పక్కకు జరగండప్పా, ఫోటో తీస్తాండారు" అన్నాడు ఉరుకుందప్ప వాళ్లతో.

కెమెరా సంచి విప్పుతున్న ఈయన తలెత్తలేదు. "నీ హోటలు బాగా నడుస్తాదని తెలియల్లనా, వద్దా?"

"తెలియల్ల."

"ఏడుగురు ఎక్కువనా, పదమూడు మంది ఎక్కువనా?"

ఉరుకుందప్ప లెక్కల్లో బలహీనుడు కాదు. "ఉండండప్పా, ఉండండి" అన్నాడు.

"ఎవురూ సర్దుకోవద్దు. రోజూ ఎట్ల తాగుతారో అట్లే" అన్నాడు ఈయన. పేర్లు అడుగుతూ వచ్చాడు. "నేను తెల్దా?" అన్నాడు నరసప్ప. "తెలుసు. పేరు సెప్పు." చెప్పాడు. పదమూడు పేర్లూ, ఉరుకుందప్ప పేరూ రాసుకున్నాక, కెమెరా కంటికి పెట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఒక అడుగు, ఇంకో అడుగు. రోడ్డు మధ్యకు వచ్చేశాడు. పత్తి మూటలతో వస్తున్న ట్రాక్టరు ఒకటి ఆగిపోయి హారన్ కొడుతోంది. నేను వెనక నిలబడి అతనికి చేయి చూపిస్తున్నాను. ఎందుకు వెనక్కి పోతున్నాడో నాకు తెలుసు. చివర నిలబడిన సుంకమ్మ భుజం పూర్తిగా ఫ్రేములోకి వచ్చేదాకా ఆయన ఆగలేదు.

తీయడం అయ్యాక ఉరుకుందప్ప మా ఇద్దరికీ గాజు గ్లాసుల్లో టీ పోశాడు. "మీరు యాడోళ్లు?" అని ఈయన్ని అడిగాడు. మా పక్క ఈ ప్రశ్నకు ఊరి పేరు చెబితే సగం జవాబే.

"ఎమ్మిగనూరు."

"ఎమ్మిగనూర్లో యాడ?"

"స్టుడియోలో" అని, లేచి పోయి, ఒక పేపరు కప్పు తీసుకుని, గ్లాసులో టీ అందులోకి వంపుకుని, సుంకమ్మ పక్కన నిలబడి తాగాడు. నేను నా గ్లాసు చేతిలో పట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాను. అంత రుచి లేని టీ నేను మళ్లీ తాగలేదు. ఉరుకుందప్ప చేతి టీ అయినా సరే.

స్టుడియోలో అట్ట మీద పేర్లు రాసే రోజు ఆయన చెబుతూ ఉంటే నేను రాశాను. స్కూలు గ్రూపు ఫోటోల కింద రాసే పద్ధతే. 'కూర్చున్నవారు, గాజు గ్లాసులతో, ఎడమ నుంచి కుడికి:' అని ఏడు పేర్లు. 'నిలబడినవారు, పేపరు కప్పులతో, ఎడమ నుంచి కుడికి:' అని ఆరు పేర్లు. పైన పెద్ద అక్షరాల్లో ఉరుకుందప్ప పేరు, హోటలు పేరు.

"గ్లాసులు, కప్పులు రాయాల్నా అన్నా?"

"ఏం, అబద్ధమా?"

"ఉరుకుందప్ప చూస్తే?"

"సూడకుంటే ఏంటికి తీసినట్టు?"

ఉరుకుందప్ప చూశాడు. వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుకున్నాడు. "అందరివీ ఉండాయి. నాది పెద్దగా రాసినారు. పేపరు కప్పులని రాసింది మంచిదయ్యింది, సుభ్రం కనపడతాది" అన్నాడు. తనే మేకు కొట్టి, తనే ప్లాస్టిక్ పూలదండ వేసి కౌంటరు పైన తగిలించాడు. రెండు వారాలు ఊళ్లో వాళ్లందరూ వచ్చి తమ పేర్లు చదువుకుని పోయారు.

ఆ తర్వాత ఆదోని నుంచి పత్తి కొనే ఒక వ్యాపారి వచ్చాడు. టీ కోసం కూర్చుని, తోచక గోడ మీద ఉన్నది పైకి చదివాడు. "ఏమప్పా, బల్ల మీద ఇంకా నలుగురు పడతారే, వీళ్లు ఏంటికి నిలబడినారు?" అన్నాడు. ఆయన నవ్వి, ఫోనులో దాన్ని ఫోటో తీసుకుని, తన తోటి వ్యాపారులందరికీ పంపించాడు. ఆదోని మార్కెట్‌కు సాంఘిక న్యాయం మీద పెద్ద పట్టింపు ఉందని నేను చెప్పను. మనుషులకు పేర్లు పెట్టడం మీద ఉంది. వరసలో మొదటి పేరు నరసప్పది. తర్వాతి వారం నరసప్ప పత్తి బండితో మార్కెట్‌కు పోతే, "ఎవురు, గాజు గ్లాసు నరసప్పనా?" అన్నారు. ఆ వారం నుంచి ఆయన తండ్రి పేరుతో గానీ, పొలం పేరుతో గానీ ఆయన్ని ఎవరూ పిలవలేదు.

నరసప్ప, ఉరుకుందప్ప ఇద్దరూ కలిసి స్టుడియోకి వచ్చారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఫ్రేము నరసప్ప చంకలో ఉంది.

"నా పేరు తీసెయ్యి" అన్నాడు నరసప్ప.

"పేరు తీసి మనిషిని ఉంచేది నాకు అలవాటు లేదప్పా."

"మనిషిని కూడా తీసెయ్యి. కంప్యూటర్లో తీస్తారంట గద."

"తీస్తారు. అప్పుడు బల్ల మీద జాగా ఖాళీగా వస్తాది. ఆడ ఎవుర్ని కూసోబెట్టేది?"

నరసప్ప ఫ్రేము తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు యాడోడివప్పా అసలు?"

ఈయన గోడ మీదున్న అయిదో తరగతి ఫోటో వైపు చేయి చూపించాడు. "అదో, ఆ చివర సెవి నాది. తదితరులు." తర్వాత ఎప్పటి గొంతుతోనే, "మల్ల తీస్తా. డబ్బులొద్దు. ఎట్ల కూసుంటారో మీ ఇష్టం. ఎట్ల కూసుంటే అట్ల రాస్తా" అన్నాడు.

రెండో ఫోటో తీసిన పొద్దున హోటలు ముందు ఇంకో బల్ల వచ్చింది. అదీ చాలకపోతే మా ఇనుప కుర్చీ వేశాం. దాంట్లో ఉరుకుందప్పే కూర్చున్నాడు. సుంకమ్మను పిలిచారు. వచ్చి బల్ల మీద, నరసప్ప పక్కన మిగిలిన జాగాలో కూర్చుంది. నరసప్ప రెండు జానలు దూరం జరిగాడు. ఈయన కెమెరాలోంచి, "దగ్గరికి రండప్పా, ఫ్రేములో పట్టడంల్యా" అన్నాడు. ఫ్రేములో ఇంకో ఎద్దుల బండి పట్టేంత జాగా ఉంది. నరసప్ప ఒక జాన దగ్గరికి వచ్చాడు. "ఇంకా." ఇంకాస్త వచ్చాడు. సుంకమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఫోటోలో ఆ నవ్వే పడింది.

అందరి చేతుల్లోనూ పేపరు కప్పులున్నాయి. నరసప్ప చేతిలో కూడా. గాజు గ్లాసుల స్టాండు ఉండే చోట బిస్కెట్ల సీసాలున్నాయి. ఆయన కెమెరా దించి ఆ కప్పుల వైపు కాసేపు చూశాడు. సుంకమ్మను చూశాడు. ఆమె నవ్వుతూనే ఉంది. మళ్లీ కెమెరా ఎత్తి నొక్కాడు.

అట్ట మీద 'కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి:' అని పద్నాలుగు పేర్లు రాశాను. అలవాటు కొద్దీ కింద జాగా వదిలాను. ఏం రాయాలని అడిగితే, "నిలబడినవారు లేరు, అని రాయి" అన్నాడు. రాశాను. నా చేతిరాతకు అంతకంటే మంచి పని ఎప్పుడూ దొరకలేదు. ఫ్రేము కట్టేటప్పుడు ఆయన పాత ఫోటోను పారేయలేదు. కొత్తదాని వెనక అదే ఫ్రేములో పెట్టి మేకులు కొట్టాడు. ఉరుకుందప్పకు ఆ మాట చెప్పే ఇచ్చాడు. "ఇది ఎప్పుడన్నా నచ్చకుంటే తిప్పి పెట్టుకో."

సుంకమ్మకు కూడా ఒక ప్రింటు ఇచ్చాడు. "నల్లగా పడినా" అంది ఆమె.

"నువ్వు ఉన్నట్టే పడినావు."

ఆయన పోయినప్పుడు చర్చి దగ్గరికి నేను వెళ్లాను. ఎక్కడెక్కడి పల్లెల నుంచో జనం వచ్చారు. కాలం చేసిన మనిషితో చివరి ఫోటో అని ఎవరో ఒక ఫోటోగ్రాఫర్ని పిలిపించారు. అతను వెనకవాళ్లు కనపడటం లేదని, ముందువాళ్లను కొంచెం వంగమన్నాడు. ఎవరూ వంగలేదు. అతను మళ్లీ అడిగాడు. చివరికి ఒక కుర్చీ ఎక్కి తీసుకున్నాడు. అది ఆయన ఇనుప కుర్చీయే. ఇప్పుడది మా వరండాలో ఉంది. ఎవరైనా వచ్చి చేతులు కట్టుకుని నిలబడితే దాన్ని విప్పి వేస్తాను.

పోయిన ఆదివారం ఆ హోటలుకు వెళ్లాను. వేరే పని లేదు, ఫోటో చూద్దామని. సుగ్గికి పోయినవాళ్లు వచ్చేశారు. సుంకమ్మ బల్ల మీద గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. నరసప్ప ఆ చివర పేపరు చదువుకుంటున్నాడు. నా మెడలో కార్డు చూసి సుంకమ్మ దగ్గరికి లాక్కుంది.

"మొగానికి సున్నం కొట్టించినావా సారూ?"

కౌంటరు పైన ఫోటో అట్లే ఉంది, దండ మాత్రం కొత్తది. ఉరుకుందప్ప నాకూ, సుంకమ్మకూ, నరసప్పకూ ఒకే పళ్లెంలో మూడు పేపరు కప్పులు తెచ్చి పెట్టాడు.

"ఈ హోటల్లో ఇప్పుడు తేడా ఏమీ ల్యా సారూ. అందరికీ ఒగటే కప్పు. ఆయప్ప పుణ్యం" అన్నాడు.

నేను తల ఊపాను. ఎన్నో ఏళ్లుగా ఎందరో పెద్దలు చేయలేని పని పేపరు కప్పు చేసిందని ఒక మాట కూడా సిద్ధం చేసుకున్నాను. సుంకమ్మ టీ ఒక గుక్క తాగి, తలెత్తి లోపల పొయ్యి పైనున్న అటక వైపు చూసింది. నేనూ చూశాను. అక్కడ గోనె సంచి కప్పి గాజు గ్లాసుల స్టాండు ఉంది, సంచి కింద నుంచి ఒక వరస గ్లాసులు మెరుస్తున్నాయి.

"బయట నిలబడినన్ని దినాలు అటక కనపడ్ల్యా" అంది సుంకమ్మ. "ఈడ కూసున్నాంకనే కనపడింది. నేను తాగిన గ్లాసు కడగల్సొస్తాదని గద ఉరుకుందప్పా, అన్నీ ఎత్తి ఆడ పెట్టినావు."